చేతులు వెనక్కి పెట్టుకుని నేర్పడం

(తిరుపతిలో జరిగిన ఒక స్కూల్ కాంప్లెక్స్, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశంలో గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, హెడ్మాస్టర్లకు, కాంప్లెక్స్ బడుల నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు, మొన్నటి మెగా డీఎస్సీలో కొత్తగా చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. నాకు భోజనానికి ముందు సెషన్ ఇచ్చారు. సాంబారు వాసన ఇక్కడిదాకా వస్తోంది కాబట్టి ఉపోద్ఘాతం మానేస్తాను. (నవ్వులు)

నాకిచ్చిన అంశం ‘తరగతి గదిలో సాంకేతికత’. ఈ పేరుతో మనం చూసిన పీపీటీలకు లెక్కలేదు. అందుకే దాన్ని నేను కుదించుకున్నాను. మన బడిలో ఒక టీచర్‌కి ప్యానెల్ మీద, అంటే వేలితో తాకి రాసే పెద్ద తెర మీద పాఠం చెప్పడం రాదు. పక్క క్లాసు టీచర్‌కి వచ్చు. వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పాలంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు? నేను మాట్లాడబోయేది ఇంతే.

బడిలోకి యంత్రం రావడం కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. అందులో మన రాష్ట్రమూ ఉంది. పొద్దున పూట బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. తర్వాత రేడియోలో ‘విందాం నేర్చుకుందాం’ వచ్చింది. కోవిడ్ రోజుల్లో దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి. 2023 నుంచి నాడు–నేడు కింద హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రైమరీ బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. అయితే పాత యంత్రాలకూ ఈ ప్యానెల్‌కీ పెద్ద తేడా ఉంది. రేడియో, టీవీ వాటంతట అవే మాట్లాడేవి. టీచర్ స్విచ్ వేసి, పిల్లల్ని కూర్చోబెడితే సరిపోయేది. ప్యానెల్ అట్లా కాదు. దాని ముందు టీచర్ నిలబడాలి, రాయాలి, జరపాలి, ఆపాలి, పిల్లల్ని పిలిచి చేయించాలి. టీచర్‌కి చేతకాకపోతే అది గోడకు వేలాడే పెద్ద అద్దం. పొద్దున జడ సరిచేసుకోవడానికి మా ఆడపిల్లలు వాడేది కూడా అందుకే. (నవ్వులు)

మరి ట్రైనింగ్ ఇవ్వలేదా? ఇచ్చారు. పెద్ద హాలు, ముందొక ప్యానెల్, వెనక వరుసల్లో మనం. రిసోర్స్ పర్సన్ చకచకా వేళ్లు ఆడిస్తాడు. “అర్థమైందా సార్?” అంటాడు. “అయింది” అంటాం. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చుని వందసార్లు కొండెక్కినా స్టీరింగ్ పట్టుకోవడం రాదు కదా! ఇందులో ఆ రిసోర్స్ పర్సన్ తప్పు లేదు, మన తప్పూ లేదు. 1980ల మొదట్లో అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు టీచర్ల శిక్షణ మీద పనిచేసి ఇదే చెప్పారు. శిక్షణలో సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, అక్కడికక్కడే చేయించినా సరే, టీచర్ తన బడికి తిరిగి వెళ్లాక దాన్ని వాడటం తక్కువే. బడిలో తోటి టీచర్ తోడుగా ఉన్నచోట మాత్రం ఆ వాడకం నిలబడింది.

తోడు అంటే ఏమిటో చెప్పే ముందు భయం గురించి చెప్పాలి. ప్యానెల్ ముట్టుకోని టీచర్‌ని చూసి ‘ఆయనకు ఇంట్రస్ట్ లేదు’, ‘ఆమెకు రిటైర్మెంట్ దగ్గర పడింది, ఇంకెందుకు’ అని మనం తేల్చేస్తాం. నేను దాన్ని ఒప్పుకోను. అదే ఆమె మనవరాలితో వీడియో కాల్ మాట్లాడుతుంది, ఫోన్‌లో కరెంటు బిల్లు కడుతుంది, తిరుమల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలైన నిమిషంలో బుక్ చేసి చుట్టాలందరికీ ఇప్పిస్తుంది. ఆ టికెట్లు బుక్ చేయగలిగినవాళ్లకు ప్రపంచంలో రాని సాఫ్ట్‌వేర్ ఉండదు. (నవ్వులు, చప్పట్లు) మరి ప్యానెల్ దగ్గరే చెయ్యి ఎందుకు వణుకుతుంది? ఎదురుగా నలభై మంది పిల్లలు కూర్చుని ఉంటారు కాబట్టి. పాతికేళ్లుగా ‘మేడం చెప్పిందే వేదం’ అనుకునే పిల్లల ముందు, ఏ బొమ్మ నొక్కాలో తెలియక తడుముకోవాలి. వెనక బెంచీ వాడు “అది కాదు మేడం, పైన మూడు చుక్కలు” అంటాడు. క్లాసంతా కిసుక్కున నవ్వుతుంది. టెన్షన్ అక్కడిది. ఆమె భయపడేది యంత్రానికి కాదు, పరువుకు.

ఇంకో సంగతి కూడా ఉంది, మొహమాటం లేకుండా చెబుతాను. మనలో చాలామందికి ఉద్యోగంలో టెక్నాలజీ పరిచయమైంది పాఠం ద్వారా కాదు. హాజరుకు ఫోటో, మధ్యాహ్న భోజనానికి ఫోటో, మరుగుదొడ్లకు ఫోటో. సిగ్నల్ రాకపోతే ఫోన్ పట్టుకుని గేటు దాకా నడక. అది మన మీద కన్నేసి ఉంచేందుకే వచ్చిందని మనసులో పడిపోయింది. అట్లాంటి మనిషి దగ్గరికి మీరు వెళ్లి “మేడం, ఇంకో యాప్ చూపిస్తా” అంటే ఆమె ముఖం ఎట్లా మారుతుందో మీకే తెలుసు.

ఇక మా బడిలో కళ్లారా చూసింది చెబుతాను. మా తెలుగు మేడం పద్యం చదివితే పక్క క్లాసులో లెక్కలు ఆగిపోతాయి. నాదే ఆ పక్క క్లాసు. ప్యానెల్ వచ్చాక ఆమె దాని మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పించారు. దుప్పటి తీయించే పని మా బయాలజీ సార్ మీద పడింది. స్టాఫ్‌లో అందరికన్నా చిన్నవాడు. అతను ఆమె దగ్గరికి వెళ్లి ప్యానెల్ మాటే ఎత్తలేదు. “మేడం, మీకు ఏ పాఠంలో ఎక్కువ సుద్దముక్కలు అరుగుతాయి?” అని అడిగాడు.

ఆమె ఆలోచించుకోనక్కర్లేకుండా చెప్పారు: ఛందస్సు. తొమ్మిదో తరగతికి ఉత్పలమాల చెప్పాలంటే పాదం రాయాలి, ఇరవై అక్షరాల మీదా గురులఘువులు వేయాలి, మూడేసి అక్షరాలకు గీతలు గీసి భ ర న భ భ ర వ అని పేర్లు పెట్టాలి. పదో అక్షరం దగ్గర యతి చూపించాలి. అంతా అయ్యాక గంట కొడతారు. పక్క సెక్షన్‌కి వెళ్లి అదే పాదం మళ్లీ మొదటినుంచి రాయాలి. ఎడమవైపు కూర్చున్న పిల్లలకు ఆమె భుజం అడ్డం.

కాబట్టి వాళ్లు మొదలుపెట్టింది అక్కడే. క్లాసులో కాదు, లీజర్ పీరియడ్‌లో, ఖాళీ గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని. ఆమె మొదటి మాట, “నాయనా, నేను ముట్టుకుంటే ఇది ఏమన్నా అయిపోతాదేమో.” అతను, “ఏమైనా అయితే నేను చూసుకుంటా మేడం, మీరు రాయండి” అన్నాడు. అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆ నిలబడటమే అన్నిటికన్నా కష్టమైన పని. నేర్పేవాడి చెయ్యి ఊరుకోదు. ఎదుటి మనిషి ఒక్క క్షణం తడబడగానే “ఇట్లా ఇవ్వండి మేడం” అని మనమే నొక్కేస్తాం. పని అయిపోతుంది, ఆమెకు మాత్రం ఏమీ రాదు. రాకపోగా, ‘ఇది కుర్రవాళ్ల వల్లే అవుతుంది’ అని మనసులో గట్టిపడుతుంది. మా బయాలజీ సార్‌కి నోరు మాత్రమే ఉందనుకోండి. “పెన్ను గుర్తు కింద ఉంది మేడం. దాన్ని ఇంకోసారి తాకండి, రంగులు వస్తాయి.” ఆమె వెతుక్కున్నారు. అతను ఆగాడు. రంగులు వచ్చాయి. గురువుకు ఎరుపు, లఘువుకు నీలం అని ఆమే నిర్ణయించుకున్నారు.

అప్పుడొక చిక్కు వచ్చింది. ఆమె ఎర్రరంగుతో గురువు గుర్తు వేస్తుంటే, కింద ఇంకెక్కడో ఎర్రగీతలు పడుతున్నాయి. చెరిపితే మళ్లీ పడుతున్నాయి. “చూశావా, నాకు ఇది కలిసి రాదు” అన్నారు. సంగతేమిటంటే, ఈ ప్యానెళ్లలో చాలావాటికి అంచు చట్రం నుంచి అద్దం మీదుగా కంటికి కనపడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా పారుతుంటాయి. ఆ దారికి ఏది అడ్డం వచ్చినా వేలు తగిలిందనే అనుకుంటుంది. ఆమె గాజులు అడ్డం వస్తున్నాయి. ఒక్కోసారి కొంగు. అతను గాజులు తీయమనలేదు, అట్లా ఎవరూ అనకూడదు కూడా. గాజులు పైకి జరుపుకుని, మణికట్టు కాస్త ఎత్తి పెట్టుకుని రాయమన్నాడు. అరచెయ్యి ఆనితే రాసింది చెరిగిపోతుందనీ ఆ రోజే తెలిసింది. పక్కనే నల్లబల్ల కదా, సుద్దపొడి రాలి చట్రం అంచున పేరుకుంటే ఎవరూ తాకకుండానే గీతలు పడతాయి. పొడిగుడ్డతో అంచులు తుడిస్తే సరి. ఇట్లాంటి చిన్న సంగతులు హాల్లో జరిగే ట్రైనింగుల్లో రావు. ఆ గదిలో, ఆ గాజులతో, ఆ పాఠం రాస్తేనే బయటపడతాయి.

తర్వాత క్లాసు. బయాలజీ సార్ వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నాడు. ముందు నిలబడలేదు, పిల్లలకు కనపడేలా సైగలు చేయలేదు. మేడం పక్కన బల్ల మీద సుద్దముక్క కూడా ఉంది. “ఇది మొరాయిస్తే మీరు సుద్దతో కొనసాగించండి మేడం, ఆగొద్దు” అని ముందే అనుకున్నారు. కరెంటు పోయినా, ప్యానెల్ బిగుసుకుపోయినా పాఠం ఆగదన్న ధైర్యం ఉంటేనే మనిషి మొదటి అడుగు వేస్తుంది. ఆ రోజు పాదం రాసి, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి గణాలు వేయించారు. సేవ్ చేశారు. పక్క సెక్షన్‌లో అదే పాదం తెరిచి నేరుగా యతి దగ్గర మొదలుపెట్టారు. మిగిలిన సమయంలో ఇంకో రెండు పాదాలు చేయించగలిగారు. ప్యానెల్ వల్ల లాభం ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. యానిమేషన్లూ సంగీతాలూ తర్వాత, ముందు మిగిలిన ఆ సమయం.

రెండో చిక్కు ఫాంట్లది. ఇది తెలుగు టీచర్లందరికీ తెలిసిన బాధే. మేడం తన పాత ప్రశ్నపత్రాలన్నీ డీటీపీ సెంటర్‌లో చేయించి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నారు. ప్యానెల్‌లో తెరిస్తే తెలుగు బదులు చెత్త గుర్తులు. అవి అను ఫాంట్లలో చేసినవి, యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని యంత్రంలో అక్షరాలు అక్షరాలుగా కనపడవు. అన్నీ మళ్లీ టైప్ చేయాలంటే ఎవరికి ఓపిక? అప్పుడు అతను ఫోన్‌లో మైకు గుర్తు చూపించి, “మీరు చదవండి మేడం, అదే రాస్తుంది” అన్నాడు. ఆమె ఉచ్చారణ స్పష్టం కాబట్టి మామూలు వాక్యాలు చక్కగానే వచ్చాయి. గ్రాంథిక మాటలు వచ్చేసరికి అది తడబడింది. ఒత్తులు పోయాయి, సంధులు ఎక్కడంటే అక్కడ విరిగాయి.

అతను వాటిని దిద్దబోయాడు. మేడం ఆపారు. “ఉండనీ నాయనా, రేపు పిల్లలతో దిద్దిస్తా” అన్నారు. మరుసటి రోజు ఆ తప్పుల తెలుగునే ప్యానెల్ మీద పెట్టి, “యంత్రం ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది?” అని అడిగారు. టీచర్ దిద్దితే తలవంచుకునే పిల్లలు యంత్రాన్ని దిద్దడానికి ఎగబడ్డారు. ఏ మహాప్రాణం పోయింది, ఏ సంధి దగ్గర విరిగింది అని పోట్లాడుకుంటూ వ్యాకరణం చేశారు. ఈ ఆలోచన మా బయాలజీ సార్‌కి వచ్చేది కాదు, నాకూ వచ్చేది కాదు. తెలుగు పాతికేళ్లు చెప్పిన మనిషికే వస్తుంది. అతను నేర్పింది మైకు గుర్తు ఒక్కటే. ఏ పాఠానికి ఏది పనికొస్తుందో ఆమెకే తెలుసు. అందుకే నేర్పేవాళ్లు పెద్ద, నేర్చుకునేవాళ్లు చిన్న అనే లెక్క ఇక్కడ పెట్టుకోవద్దు.

ఇందాక చెప్పిన జాయిస్, షవర్స్ తర్వాత 1996లో ఒక మంచి సంగతి రాశారు. టీచర్లు ఒకరి క్లాసు ఒకరు చూసుకున్నాక అభిప్రాయాలు చెప్పుకోవడం వాళ్లు మాన్పించేశారట. ఎంత మంచి మనసుతో మొదలుపెట్టినా ఆ మాటలు ఇన్‌స్పెక్షన్ లాగా మారిపోతున్నాయని. ఇంకా ముందుకెళ్లి, పాఠం చెప్పేవారే కోచ్, చూసేవారే నేర్చుకునేవారు అన్నారు. మా స్టాఫ్ రూంలో దీన్ని నేను చెప్తే ఒప్పుకోలేదు. ‘ఏమీ చెప్పకపోతే ఎట్లా బాగుపడతారు సార్’ అన్నారు. నా జవాబు, ఆమె అడిగితే చెప్పండి. అడగకముందే “బాగుంది మేడం, కానీ...” అని మొదలుపెట్టకండి. ఆ ‘కానీ’ తర్వాత ఏం చెప్పినా ఎవరికీ వినపడదు.

ఇది మన జిల్లాకు కొత్త విద్య కూడా కాదు. మదనపల్లె, తిరుపతి రెండూ 2022 దాకా చిత్తూరు జిల్లాలోవే. అక్కడి రిషివ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డులు, నిచ్చెన మెట్ల లాంటి పాఠ్యక్రమం తయారుచేశారు. దాన్నే పెట్టెలో బడి అన్నారు. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె నుంచి సర్కారు టీచర్లు వచ్చి అది చూసి వెళ్లారు. కర్ణాటకలో ‘నలి కలి’, అంటే ఆడుతూ పాడుతూ నేర్చుకునే పద్ధతి, అట్లా మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన, పిల్లలు చేస్తూ నేర్చుకునే పద్ధతికీ మూలం అదే. అది అట్టముక్కల కార్డుల టెక్నాలజీ, కరెంటు అక్కర్లేనిది. టీచర్లు వచ్చి, పనిచేస్తున్న టీచర్ల పక్కన కూర్చుని చూశారు కాబట్టే రాష్ట్రాలు దాటింది.

ఇప్పుడు హెడ్మాస్టర్లతో ఒక మాట. దీనికి డబ్బు అక్కర్లేదు, పీరియడ్ కావాలి. నేర్పేవాళ్లకూ నేర్చుకునేవాళ్లకూ వారంలో ఒక్క లీజర్ ఒకే సమయంలో పడేట్టు టైం టేబుల్ వేయండి. ఆ పీరియడ్‌లో వాళ్లిద్దరిలో ఎవరినీ సబ్‌స్టిట్యూషన్‌కి పంపకండి. ఇది వినడానికి తేలిక. ఇద్దరు సెలవు పెట్టిన రోజు ఎంత కష్టమో మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా అడుగుతున్నాను. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కి ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. తలుపు దగ్గరగా వేసుకుని ఛందస్సు రాసుకున్న ఆ లీజర్ పీరియడ్ అందులో ఎందుకు లెక్కకు రాకూడదు? హాల్లో సంతకం పెట్టి కునికిపాట్లు పడింది లెక్కకు వస్తోంది కదా! (చప్పట్లు)

పైనున్న అధికారులకు కూడా ఒక విన్నపం. దీన్ని పెద్ద ప్రోగ్రాం చేయకండి. అమెరికా పరిశోధకుడు మాథ్యూ క్రాఫ్ట్ బృందం 2018లో 60 అధ్యయనాలను కలిపి చూసింది. పక్కనుండి చేసే కోచింగ్ వల్ల టీచర్లు పాఠం చెప్పే తీరు బాగా మెరుగైంది, పిల్లల చదువులోనూ కొంత కనిపించింది. కానీ ఎక్కువ మంది టీచర్లున్న పెద్ద కార్యక్రమాలకు వచ్చేసరికి ఆ ఫలితం పలచబడింది. బడికొక మెంటార్, నెలకొక రిపోర్టు, రెండు ఫోటోలు అని సర్క్యులర్ వచ్చిన రోజు, మా తెలుగు మేడం మళ్లీ దుప్పటి కప్పిస్తారు.

కొత్తగా చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా వచ్చు, సర్కారు పాఠాల యాప్ దీక్షలో వీడియో ముందే డౌన్‌లోడ్ చేసి నెట్ లేకుండా నడపడం వచ్చు. మీ సీనియర్లకు అవి చూపించండి. అయితే ఒకటి అడిగి వెళ్లండి. మా మేడం బయాలజీ సార్‌కి బదులుగా ఏం నేర్పారో తెలుసా? అతని క్లాసులో పిల్లలు గోల చేసేవాళ్లు, అతను గొంతు పెంచేవాడు. ఆమె ఒక పీరియడ్ వెనక కూర్చుని చూశారు. ఏమీ అనలేదు. రెండు రోజులాగి అతనే అడిగాడు. “నువ్వు ప్రశ్న వేసి నువ్వే జవాబు చెప్పేస్తున్నావు నాయనా. కాసేపు ఊరుకో” అన్నారు. ఆమెకు ప్యానెల్ నేర్పేటప్పుడు చేతులు కట్టుకున్న మనిషి, క్లాసులో నోరు కట్టుకోలేకపోతున్నాడన్నమాట. (నవ్వులు)

ఏకోపాధ్యాయ బడి అక్కలు, అన్నల సంగతి వేరు. మీకు పక్క క్లాసే లేదు, లీజర్ పీరియడ్ మాటే లేదు. మీకు దిక్కు ఈ కాంప్లెక్స్ సమావేశమే. కాబట్టి సర్క్యులర్లు చదివి వినిపించే పని వాట్సాప్‌లో పెట్టేసి, ఇక్కడి సమయం జంటలుగా కూర్చోవడానికి ఇమ్మని కాంప్లెక్స్ హెచ్‌ఎం గారిని అందరి తరఫునా అడుగుతున్నాను. ఆయన తలూపుతున్నారు, మీరంతా చూశారు కదా, సాక్ష్యం మీరే.

భోజనం అయ్యాక పక్క గదిలో ప్యానెల్ ఆన్ చేసి ఉంటుంది. మీరు రేపు చెప్పబోయే పాఠం పుస్తకం వెంట తెచ్చుకోండి, నాది వద్దు. మా తెలుగు మేడం కూడా వచ్చారు, రెండో వరుసలో ఉన్నారు. గాజుల సంగతి ఆమెనే అడగండి. నమస్కారం.